షుగర్ అని తేలాక మొదటి మూడు నెలలు: బెంగళూరు తెలుగువాళ్ల కంచానికి ఒక సమగ్ర మార్గదర్శి

పరగడుపు షుగర్ 126 లేదా ఆపైన, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) 6.5 శాతం లేదా ఆపైన ఉంటే డాక్టరు షుగర్ అని ఖాయం చేస్తారు. అనుమానముంటే మరోసారి పరీక్ష రాస్తారు. ఆ సాయంత్రానికల్లా ఇంట్లో బియ్యం డబ్బా అటకెక్కుతుంది, ఐదు కిలోల రాగిపిండి దిగుతుంది. ఊరి నుంచి పెద్దమ్మ ఫోన్ చేసి కాకరకాయ రసం తాగమంటుంది. పది రోజులు ఎలాగో గడుస్తాయి. తర్వాత ఒక పెళ్లి భోజనమో ఆఫీసు పార్టీయో తగులుతుంది, మర్నాటి నుంచి మళ్లీ పాత కంచమే. మనసు గట్టిది కాక ఇలా అయిందనుకుంటారు గానీ, మొదలుపెట్టిన చోటే తప్పు. ఏ ధాన్యం తినాలన్న సంగతి తర్వాత చూసుకోవచ్చు, ఒక్క పూటలో ఎంత తింటున్నామన్నది ముందు తేలాలి. అది తేలాలంటే ఒక గిన్నె, ఒక వంటింటి త్రాసు, ఒక గ్లూకోమీటరు, ఒక నోట్‌బుక్ కావాలి.

ఇది పెద్దవాళ్లలో వచ్చే టైప్ 2 షుగర్ ఉండి, మాత్రలు వాడుతున్నవాళ్ల కోసం. గర్భిణులు, ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు కింది కొలతలను డాక్టరుకు చూపించకుండా మొదలుపెట్టొద్దు. మాత్రల్లోనూ తేడా ఉంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడుతుంటే తిండి తగ్గించినా షుగర్ ప్రమాదకరంగా పడిపోవడం అరుదు. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటివి అలా కాదు. మీరు తిన్నా తినకపోయినా అవి ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తూనే ఉంటాయి. వాటి మీద ఉండి అన్నం సగానికి తగ్గించబోతున్నారంటే ఆ మాట ముందు డాక్టరు చెవిన వేయాలి, డోసు మార్చాల్సి రావచ్చు.

మొదటి వారం: ఏమీ మానకండి, రాయండి

ఈ వారం రోజూ తినేదే తినండి. తినే ముందు ఒకసారి, మొదటి ముద్ద నోట్లో పెట్టిన రెండు గంటలకు ఒకసారి షుగర్ చూడండి. రోజుకు ఒక్క పూట చాలు: సోమవారం టిఫిన్, మంగళవారం మధ్యాహ్నం, బుధవారం రాత్రి, మళ్లీ మొదటి నుంచి. రోజుకు రెండు స్ట్రిప్పులు, వారానికి పద్నాలుగు. ఈ లెక్కన యాభై స్ట్రిప్పుల డబ్బా మూడు వారాలు దాటుతుంది.

మీటరు తప్పు చూపించడానికి ఎక్కువగా చేతులే కారణం. మామిడిపండు కోసిన వేలి మీద మిగిలిన తీపి రీడింగ్‌ను ఎక్కడికో తీసుకుపోతుంది, శానిటైజర్ రాసుకుంటే అది పోదు. సబ్బుతో కడిగి, తడి లేకుండా తుడుచుకోవాలి. వేలి కొసన నరాలు ఎక్కువ, కాబట్టి పక్కన గుచ్చండి. చుక్క రాకపోతే వేలిని పిండకుండా చెయ్యి కాసేపు కిందికి వేలాడదీయండి. స్ట్రిప్పు తీసిన వెంటనే డబ్బా మూత బిగించాలి, వానాకాలపు చెమ్మకు స్ట్రిప్పులు పాడవుతాయి. ఇంటి మీటర్లలో 15 శాతం వరకు అటూఇటూ ఉండొచ్చు. కాబట్టి 150 వచ్చిందా 158 వచ్చిందా అని బుర్ర పాడుచేసుకోకండి, 150కీ 220కీ ఉన్న తేడా చూడండి.

నోట్‌బుక్‌లో ఒక పూట ఇలా రాసుకోవాలి:

సోమవారం, 8:40. ఇడ్లీ నాలుగు, సాంబారు ఒక కప్పు, కాఫీ (చక్కెర రెండు చెంచాలు). ముందు 132. 10:40కి 221.

"ఇడ్లీ, కాఫీ" అని మాత్రమే రాస్తే రేపు ఏం మార్చాలో తెలియదు. ఎన్ని, ఎంత, ఎప్పుడు అన్నవే పనికొచ్చేవి. చాలామందికి డాక్టర్లు పెట్టే లక్ష్యం పరగడుపున 80–130, తిన్న రెండు గంటలకు 180 లోపు. మీ వయసును బట్టి, మిగతా జబ్బులను బట్టి ఇది మారుతుంది. తినకముందుకీ తిన్నాకకీ తేడా 50 లోపు ఉంటే ఆ పూట సరిపోయినట్టే. 80, 90 పెరుగుతోందంటే ఆ కంచంలో మార్చాల్సింది ఉంది.

పరగడుపు అంకె విషయంలో ఒక భ్రమ ఉంది. తెల్లవారుజామున లివరు తనంతట తనే రక్తంలోకి చక్కెర వదులుతుంది. అందుకే రాత్రి ఏమీ తినకుండా పడుకున్నా పొద్దున 150 కనిపించవచ్చు. దానికి భయపడి రాత్రి పస్తులుండటం మొదలుపెట్టేవాళ్లు మర్నాడు పదకొండింటికి ఆకలికి తాళలేక రెండు పూటల తిండి ఒక్కసారే తింటారు. ఆ అంకె దిగడానికి మందు, బరువు, నిద్ర అన్నీ కలిసి రావాలి, వారాలు పడుతుంది. ముందు తిన్న తర్వాతి అంకెల మీద పని చేయండి, అవి మీ చేతిలో ఉన్నాయి.

రెండో వారం: బియ్యం కప్పు

పిండిపదార్థాన్ని ఇప్పుడు అందరూ కార్బ్ అనే అంటున్నారు, ఇక్కడా అదే వాడదాం. రైస్ కుక్కర్‌తో పాటు వచ్చే చిన్న ప్లాస్టిక్ కప్పు 180 మిల్లీలీటర్లది, నిండా పోస్తే దాదాపు 150 గ్రాముల సోనా మసూరి పడుతుంది. అది ఉడికితే 400 గ్రాములకు కాస్త అటూఇటూగా అన్నం అవుతుంది, అందులో కార్బ్ 110 గ్రాములకు పైనే. బ్యాచిలర్ గదుల్లో "ఒక మనిషికి ఒక కప్పు" అన్న లెక్క నడుస్తుంటుంది. కొత్తగా షుగర్ వచ్చిన మనిషికి ఆ కప్పు మూడు పూటలకు సరిపోను.

ఆ మూడో వంతు, అంటే 130–140 గ్రాముల అన్నం, 40 గ్రాముల కార్బ్, ఒక పూటకి మంచి మొదలు. మొదటిసారి త్రాసు మీద తూచి, ఇంట్లో ఉన్న ఏ స్టీలు గిన్నెకు అది సరిపోతుందో చూసుకుని, ఆ గిన్నెను పక్కన పెట్టేసుకోండి. ఇక రోజూ తూచక్కర్లేదు. ఆ గిన్నెతో కంచంలో బోర్లించుకుని, కుక్కర్ గిన్నె వంటింట్లోనే వదిలేసి రండి. భోజనాల బల్ల మీద కుక్కర్ ఉందంటే రెండో విడత తప్పదు.

గంజి వారిస్తే షుగర్ పోతుందన్నది చాలా ఇళ్లలో నమ్మకం. వార్చినా కుక్కర్‌లో పెట్టినా తేడా స్వల్పం, గిన్నె కొలతే అసలు తేడా తెస్తుంది. చల్లారిన అన్నంలో కొంత పిండి అరగని రూపంలోకి మారే మాట నిజమే, అలాగని చద్దన్నం రెండింతలు తినే హక్కు రాదు. దంపుడు బియ్యం కొంచెం నయం.

సంకటి, చిరుధాన్యాలు

ఈ ఊళ్లో ఎక్కువమంది పడే గొయ్యి ఇది. రాగి మంచిదే. పీచుంది, 100 గ్రాములకు 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంది, చిత్తూరు, అనంతపురం వైపు నుంచి వచ్చినవాళ్లకు అది అమ్మ చేతి తిండి కూడా. అయితే 100 గ్రాముల రాగిపిండిలో 70 గ్రాములకు దగ్గరగా కార్బే ఉంటుంది. బెంగళూరు మిలిటరీ హోటల్లో (మాంసాహార హోటల్లో) పెట్టే పెద్ద ముద్ద ఒక్కటి తింటే మన గిన్నె అన్నం కంటే ఎక్కువే లోపలికి పోయినట్టు. దాని మీద "రాగే కదా" అని రెండో ముద్ద. మన సంకటిలో బియ్యపు నూక కూడా పడుతుందని మరిచిపోవద్దు. ఇంట్లో 50 గ్రాముల పిండితో చిన్న ముద్ద చేసుకుని, దానికి రెండింతల ఆకుకూర పప్పో నాటుకోడి పులుసో పెట్టుకుంటే లెక్క కుదురుతుంది.

రాగిజావ సంగతి వేరు. మెత్తటి పిండిని నీళ్లలో పల్చగా ఉడికించి గటగట తాగితే నమిలే పనే లేదు, చకచకా రక్తంలోకి ఎక్కేస్తుంది. ముద్దకు 160 చూపించిన మీటరు జావకు 200 చూపిస్తే ఆశ్చర్యపోకండి. జావే కావాలంటే చిన్న గ్లాసు, చిక్కటి మజ్జిగతో, పక్కన గుప్పెడు వేరుశనగలు.

కొర్రలు, సామలు, అరికెలకూ ఇదే మాట. పీచు కాస్త ఎక్కువ, కొలత మాత్రం అన్నం కొలతే. చపాతీ అయితే 25–30 గ్రాముల పిండితో చేసిన పుల్కా ఒక్కోటి 15–20 గ్రాముల కార్బ్. రెండు పుల్కాలంటే మన గిన్నె అన్నం. "రాత్రి అన్నం మానేసి చపాతీలే తింటున్నా" అనేవాళ్లను ఎన్ని అని అడిగితే ఐదంటారు. ఈ ఊరి అక్కి రొట్టి పేరులో రొట్టె ఉన్నా లోపలంతా బియ్యప్పిండే.

టిఫిన్: దర్శిని (నిలబడి తినే హోటలు) ముందు

రోజు మొత్తంలో షుగర్ ఎక్కువగా ఎగిరేది చాలామందికి టిఫిన్ తర్వాతే. పొద్దున పూట ఇన్సులిన్ పని తీరు మందంగా ఉంటుంది, మన టిఫిన్లేమో దాదాపు అన్నీ బియ్యమూ రవ్వానే.

మామూలు ఇడ్లీ ఒకటి 10–12 గ్రాముల కార్బ్. తట్టె ఇడ్లీ ఒకటే రెండు మూడు ఇడ్లీల పెట్టు. దర్శిని సైజు మసాలా దోసె లోపలి ఆలుగడ్డతో కలిపి 40కి తగ్గదు. చౌ చౌ బాత్‌లో ఖారా బాత్ పక్కన కేసరి బాత్, అంటే రవ్వ మీద రవ్వ, పైన చక్కెర. బెంగళూరు సాంబారులో బెల్లం పడుతుంది, రెండో కప్పు అడిగే ముందు అది గుర్తుంచుకోవాలి.

నిలబడి తినే చోట ఇలా ఆర్డర్ చేయండి: రెండు ఇడ్లీ, ఒక వడ. నూనెలో వేగిందని వడను తిట్టిపోస్తాం గానీ, షుగర్ వరకు చూస్తే మినప్పప్పు వడ మూడో ఇడ్లీ కంటే మెరుగు. అలాగని రోజూ వద్దు, వారానికి రెండుసార్లు చాలు. కొబ్బరి చట్నీ ధారాళంగా, సాంబారు ఒక్క కప్పు. కోసంబరి దొరికితే ముందు అదే తినండి. నానబెట్టిన పెసరపప్పు, కీరా, కొబ్బరి కలిసిన ఆ పిడికెడు సలాడ్ షుగర్ ఉన్నవాళ్ల కోసమే పుట్టిందా అనిపిస్తుంది.

ఇంట్లో అయితే పెసరట్టుకు సాటి లేదు. ఇద్దరికి 130–140 గ్రాముల పెసలు రాత్రి నానబెట్టండి. పొద్దున అల్లం, పచ్చిమిర్చి, జీలకర్రతో పొట్టు తీయకుండా రుబ్బితే మనిషికి రెండు అట్లు వస్తాయి, ఒక్కొక్కరికి 15 గ్రాముల ప్రొటీన్ అందుతుంది. కరకరలాడాలని గుప్పెడు బియ్యం వేసే అలవాటుంటే దాన్ని చెంచాకు దించండి. లోపల ఉప్మా పెట్టొద్దు. అల్లం పచ్చడిలో బెల్లం ఉంటుంది, బదులుగా వేరుశనగ చట్నీ నంజుకోండి. నాలుగు ఇడ్లీలకు 221 వచ్చిన మనిషి నోట్‌బుక్‌లో రెండో వారపు పేజీ ఇలా కనిపించాలి: "పెసరట్టు రెండు, చట్నీ, చక్కెర లేని కాఫీ. ముందు 128, తర్వాత 166." మీ అంకెలు వేరుగా ఉండొచ్చు, తేడా ఎంత తగ్గిందో చూడండి.

మధ్యాహ్నం: ఆంధ్రా మెస్సులో ఆకు ముందు

అన్‌లిమిటెడ్ భోజనంలో అన్నం ఐదు విడతలు పడుతుంది: పొడీ నెయ్యీ, ముద్దపప్పు, పులుసు లేదా సాంబారు, రసం, పెరుగు. ప్రతి విడతకూ ఓ గరిటె. మనం ఒక్క భోజనం చేశామనుకుంటాం, ఆకు లెక్క వేరే చెబుతుంది.

వడ్డించే అతను అన్నం బేసిన్‌తో వస్తే "కాసేపాగి" అనండి. ముందు పప్పు, వేపుడు, కూర, పచ్చడి వేయించుకోండి. వేపుడూ కూరా సగం, పప్పు ఒక కప్పు ఉత్తగానే తినేయండి. మాంసాహారులైతే చికెన్ వేపుడో చేప ముక్కో ఇప్పుడే. కూర, ప్రొటీన్ ముందు వెళ్తే కడుపు నెమ్మదిగా ఖాళీ అవుతుంది, తర్వాత వెళ్లిన అన్నం నెమ్మదిగా రక్తంలోకి చేరుతుంది. అదే తిండి, వరస మార్చి తింటే అంకె తగ్గుతుంది. ఐదారు నిమిషాలయ్యాక ఒకే ఒక్క విడత అన్నం వేయించుకుని, వేలితో మూడు భాగాలు చేసి పెట్టుకోండి. పప్పుకొకటి, రసానికొకటి, పెరుగుకొకటి. కందిపొడి ముద్ద లేకపోతే భోజనమే కాదనేవాళ్లు రసం భాగాన్ని దానికి ఇచ్చేయండి. రసం గ్లాసులో తాగొచ్చు. మూడో భాగం అవ్వగానే ఆకు మడిచేయండి. మడిచిన ఆకులో ఎవరూ వడ్డించరు, ఇంతకు మించిన కాపలా లేదు.

ఇంట్లో ఈ వరస నడవాలంటే కూర ఎక్కువ వండాలి, అసలు చిక్కు అక్కడే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు అన్నారు. అంటే నలుగురి ఇంట్లో మధ్యాహ్నానికీ రాత్రికీ ఒక్కో పూటకు 800 గ్రాములు. పావు కిలో బెండకాయలతో నలుగురికి వేపుడు చేసే వంటింట్లో "సగం కంచం కూర" అన్నది మాటవరసకే. బీరకాయ, సొరకాయ, బీన్స్, క్యాబేజీ, ఇక్కడి వాళ్లు సొప్పు అనే ఆకుకూరలు, ఇవి ఎంతయినా పర్లేదు. ఆలుగడ్డ, చేమ, కంద మాత్రం కూర ఖాతాలో వేయొద్దు, అవి అన్నం ఖాతా. కూర మూడింతలైందని నూనె కూడా మూడింతలు పోస్తే బరువు పెరుగుతుంది. మూత పెట్టి మగ్గించి, చివర్లో తాలింపు వేయండి. చలికాలంలో ఇక్కడ అవరేకాళు, అదే మన అనపగింజలు, పోటెత్తుతాయి. అవి పప్పు జాతివి, ప్రొటీన్‌తో పాటు కార్బూ ఉంది. వాటి కూర చేసిన రోజు అన్నం గిన్నె ముప్పాతికకే నింపండి.

కాఫీ, చిరుతిళ్లు, పండ్లు

కాఫీకి రెండు చెంచాల చక్కెర అంటే 10 గ్రాములు. రోజుకు నాలుగు కాఫీలైతే 40. ఒక్క తీపి ముట్టకుండానే ఇంత లోపలికి పోతుంది. కౌంటరు దగ్గర "సక్కరె బేడ" (చక్కెర వద్దు) అంటే చాలు. ఒక్కసారి మానడం కష్టమైతే వారానికి అర చెంచా చొప్పున దింపండి, నాలుగు వారాల్లో సున్నా. బెల్లం, తేనె, బ్రౌన్ షుగర్ అన్నీ రక్తానికి చక్కెరే.

అయిదింటి ఆకలికి ఉడికించిన సెనగలో పెసలో ఒక చిన్న డబ్బాలో తెచ్చుకోండి. "డయాబెటిక్" అని రాసున్న బిస్కెట్ ప్యాకెట్ వెనక్కి తిప్పితే చాలాసార్లు మొదట కనిపించేది మైదా, ఆ తర్వాత నూనె. అట్ట మీది ముందు మాటను కాదు, వెనకాల 100 గ్రాములకు కార్బోహైడ్రేట్ ఎంతో ఆ గడి చదవండి.

పండ్లు మానక్కర్లేదు, జ్యూస్ మానాలి. ఒక చిన్న ఏలకి అరటిపండు, లేదా ఒక జామకాయ, లేదా కప్పు బొప్పాయి ముక్కలు, రోజుకు రెండుసార్లు వరకు, భోజనం మీద కాకుండా విడిగా. మామిడి గుజ్జులో 100 గ్రాములకు 15 గ్రాముల దాకా కార్బ్ ఉంటుంది. ఒక బంగినపల్లి చెంపలో సగం చాలు, అదీ ఆ పూట అన్నం కొంత తగ్గించుకుని.

రాత్రి, నిద్ర

ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్ దాటి తొమ్మిదిన్నరకు ఇల్లు చేరి, పదింటికి తిని, పదిన్నరకు పడుకుంటే ఆ షుగర్‌ను వాడుకునే పని ఒంటికి ఉండదు. రెండు పుల్కాలు, కూర ఉన్న డబ్బా ఆఫీసులోనే ఏడున్నరకు తినేయండి. ఇంటికొచ్చాక ఆకలైతే మజ్జిగ, గుడ్డు, కూర మిగిలితే కూర. రాత్రి షిఫ్టు వాళ్లు పెద్ద భోజనాన్ని షిఫ్టుకు ముందు పెట్టుకుని, అర్ధరాత్రి దాటాక క్యాంటీన్ పులావు జోలికి పోకుండా ఉంటే సగం గెలిచినట్టే. ఐదు గంటల నిద్రతో నాలుగు రోజులు గడిపితే తిండి మారకపోయినా అంకెలు పెరుగుతాయి. నోట్‌బుక్‌లో నిద్ర గంటలు కూడా రాస్తే మీకే కనిపిస్తుంది.

నడక

పొద్దున లాల్‌బాగ్‌లో గంట నడిచి, మిగతా రోజంతా కుర్చీలో కూర్చునే పద్ధతి కంటే, తిన్న అరగంటలోపు పదిహేను నిమిషాల నడక తిన్న తర్వాతి అంకెను బాగా తగ్గిస్తుంది. కదిలే కండరం ఇన్సులిన్ కోసం చూడకుండా చక్కెర లాక్కుంటుంది. వీలైతే రెండూ చేయండి. వారానికి 150 నిమిషాలు తగ్గకూడదు. ఫుట్‌పాత్ పలకలు లేచి ఉన్న వీధుల్లో చీకట్లో నడవకండి, అపార్ట్‌మెంట్ లోపలి దారి, బేస్‌మెంటు, ఆఫీసు కారిడారు ఏదైనా సరే. వాన పడితే ఇంట్లోనే కుర్చీలోంచి ఇరవైసార్లు లేచి కూర్చోవడం, గోడ పట్టుకుని మడమలెత్తడం. వారానికి రెండు రోజులు బరువులో, రబ్బరు బ్యాండో.

షుగర్ పడిపోతే ఏం చేయాలి

చెమటలు, వణుకు, గుండె దడ, తిక్క కోపం, కళ్లు మసకలు, ఇవీ దాని గుర్తులు. మీటరు 70 లోపు చూపిస్తే, మీటరు చేతికందకపోయినా సరే, మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగాలి. చాక్లెట్ వద్దు, దానిలోని కొవ్వు ఆలస్యం చేస్తుంది. పదిహేను నిమిషాలకు మళ్లీ చూడండి, ఇంకా తక్కువుంటే మళ్లీ అంతే. కుదుటపడ్డాక రెండు బిస్కెట్లో అరటిపండో తినాలి. ఆకార్బోస్ (కార్బ్ అరగడాన్ని మందగించే మాత్ర) వాడేవాళ్లకు మామూలు చక్కెర పని చేయదు, గ్లూకోజ్ పొడే కావాలి. స్పృహ తప్పిన మనిషి నోట్లో ఏమీ పోయకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. బండి నడిపేవాళ్లు గ్లూకోజ్ ప్యాకెట్ బండిలోనే ఉంచుకోవాలి, సిల్క్ బోర్డు దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు దుకాణం వెతుక్కునే వీలుండదు.

దీనికి ఎదురు సంగతి: షుగర్ 300 దాటి వాంతులు, ఆయాసం, కడుపునొప్పి ఉంటే ఇంటి చిట్కాలతో కాలయాపన చేయకుండా ఆసుపత్రికి.

పండగలు, ఉపవాసాలు

వరలక్ష్మీ వ్రతం నాడు బొబ్బట్టు తినాలనే ఉంటుంది. ఒకటి తినండి, ఆ పూట అన్నం గిన్నె మానేసి పప్పు, కూర, పెరుగుతో ముగించండి, తర్వాత నడవండి. సంక్రాంతికి ఇక్కడ ఇంటింటా పంచే ఎళ్లు బెల్లలో నువ్వులు, వేరుశనగలు ఏరుకుంటే నయం.

ఉపవాసమే అసలు ప్రమాదం. గ్లిమెపిరైడ్ వేసుకుని పస్తుంటే షుగర్ పడిపోతుంది. డాపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు వేసుకుని నీళ్లు కూడా ముట్టకపోతే ఒంట్లో ఆమ్లాలు పెరిగే ముప్పుంది, అప్పుడు మీటరు మామూలుగా కనిపించినా మోసమే. ఏకాదశికి వారం ముందే డాక్టరును అడిగి మందు మార్చుకోండి. సాయంత్రం సగ్గుబియ్యం కిచిడీతో విరమిస్తే అది దాదాపు మొత్తం పిండే అని గుర్తుంచుకోండి.

మూడో నెల

హెచ్‌బీఏ1సీ రెండు మూడు నెలల సగటు చెబుతుంది, అంతకు ముందే మళ్లీ చేయించడం డబ్బు దండగ. దానితో పాటు కొలెస్టరాల్, కిడ్నీల పరిస్థితి చెప్పే క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు చేయించండి. కంటి లోపలి రెటీనా పరీక్ష షుగర్ తేలిన మొదట్లోనే ఒకసారి, ఆపై ఏటా. చూపు బాగానే ఉందని వాయిదా వేయకండి, రెటీనా దెబ్బతినడం మొదట్లో తెలియదు. ప్రభుత్వ వైద్యం కావాలంటే నగరంలోనే కర్ణాటక ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎండోక్రైనాలజీ అండ్ రీసెర్చ్ ఉంది, కళ్లకు మింటో ఆసుపత్రి ఉంది. జన్ ఔషధి కేంద్రాల్లో మెట్‌ఫార్మిన్ లాంటి మాత్రలు తక్కువ ధరకు దొరుకుతాయి. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లు బీ12 కూడా చూపించుకోవాలి.

డాక్టరు దగ్గరికి రిపోర్టులతో పాటు నోట్‌బుక్ పట్టుకెళ్లండి. కాకర రసమో మెంతుల పొడో తీసుకుంటుంటే దాచకుండా చెప్పండి, మందుతో కలిసి షుగర్‌ను మరీ కిందికి దించవచ్చు. గదిలో చెప్పులు విప్పి పాదాలు చూపించండి, అడగకపోయినా సరే. ఇంట్లో రోజూ రాత్రి వేళ్ల సందులు చూసుకోవడం ఒక నిమిషం పని. మడమ కనిపించకపోతే నేల మీద చిన్న అద్దం పెట్టి చూసుకోవచ్చు.